చేతితో విప్పగల పిస్తోలు: జాన్ మోజెస్ బ్రౌనింగ్ జీవితం

ఇందోరులో సరిహద్దు భద్రతా దళం వారి ఆయుధ శిక్షణ పాఠశాలకు అనుబంధంగా ఒక ప్రదర్శనశాల ఉంది. 1969లో పంజాబులోని ఫిల్లౌరు పోలీసు అకాడమీ నుండి అక్కడికి చేరిన పాత ఆయుధాలలో ఒక చిన్న పిస్తోలు దాదాపు అర్ధశతాబ్దం పాటు ఎవరి దృష్టినీ ఆకర్షించకుండా పడి ఉంది. తుప్పు పట్టకుండా దానికి నల్లరంగు పూసి ఉంచారు. 2016లో ఆ రంగును గీకి చూడగా అడుగున 168896 అనే సంఖ్య బయటపడింది. లాహోరు కేసు కాగితాలలో భగత్ సింగ్ పిస్తోలుకు నమోదైన సంఖ్య అదే. 1928 డిసెంబరు 17న సాండర్స్ అనే పోలీసు అధికారి హత్యలో వాడిన ఆయుధమని దానిని గుర్తించి, 2017లో భగత్ సింగ్ స్మారక స్థలమైన హుస్సేనీవాలాకు తరలించారు.

1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో చివరి వరకు ఉన్న పిస్తోలు కూడా ఆ జాతిదే. అది అలహాబాదు మ్యూజియంలో ఉంది. రెండింటి మీదా ఉన్నది కోల్ట్ కంపెనీ పేరు. రెండింటి వెనుకా ఉన్న ఊహ మాత్రం ఒక్క మనిషిది. ఆయన జాన్ మోజెస్ బ్రౌనింగ్. తన ఆయుధం ఏనాడో భారతదేశపు స్వాతంత్ర్య చరిత్రలో ఒక పుట అవుతుందని ఆయన కలలోనైనా అనుకొని ఉండడు.

బ్రౌనింగ్‌ను గురించి వ్రాసేవారు సాధారణంగా ఆయన పొందిన 128 పేటెంట్లతో ప్రారంభిస్తారు. వేటతుపాకులు, మరతుపాకులు, పిస్తోళ్లు, వాటిలో పేల్చే తూటాలు, ఇలా జాబితా సాగిపోతుంది. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ఆయన పనిలో తక్కువగా చెప్పుకొనే గుణం ఒకటి ఉంది. పనిముట్టు ఏదీ అవసరం లేకుండా, వట్టి చేతులతో, సొంతదారుడే విప్పి తుడిచి తిరిగి కూర్చుకోగల చిన్న పిస్తోలును లోకానికి అలవాటు చేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ గుణం ఆయనకు ఎక్కడి నుండి అబ్బిందో, దాని వల్ల ఎంత మేలు, ఎంత కీడు కలిగాయో చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రౌనింగ్ 1855 జనవరిలో అమెరికాలోని ఉటా ప్రాంతంలో, ఆగ్డెన్ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి జొనాథన్ బ్రౌనింగ్ తుపాకులు చేసే వృత్తివాడు. 1805లో టెనెసీలో పుట్టి, ఇల్లినాయి రాష్ట్రంలో దుకాణం నడిపి, అక్కడ మార్మన్ మతశాఖలో చేరి, ఆ శాఖవారితో పాటు పడమటికి వలస సాగించి 1852లో ఉటా చేరుకున్నాడు. ముగ్గురు భార్యలు, 22 మంది సంతానం. అంత పెద్ద కుటుంబాన్ని కొత్త తుపాకులు చేసి పోషించడం ఆ మారుమూల సాధ్యమయ్యే పని కాదు. అందుచేత ఆ దుకాణంలో జరిగినదంతా ప్రధానంగా మరమ్మతు పనే. నాగళ్లు, గొళ్లాలు, గడియలు, వాటితోపాటు ఇరుగుపొరుగు రైతుల తుపాకులు.

ఇది చిన్న విషయం కాదు. ఆయుధాల కర్మాగారంలో పెరిగిన పిల్లవాడు కొత్తగా మెరిసే వస్తువును చూస్తాడు. మరమ్మతు దుకాణంలో పెరిగిన పిల్లవాడు చూసేది విరిగిన స్ప్రింగును, తుప్పుపట్టిన గొట్టాన్ని, మసి గట్టిపడి కదలని మీటను. అది నల్ల తుపాకీమందు కాలం. ఆ మందు కాలినప్పుడు సగానికి పైగా పొగగా, మసిగా మిగులుతుంది. ఆ మసిలో ఉండే లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని ఒక్క రాత్రిలో ఇనుమును తినడం మొదలుపెడతాయి. వేడినీటితో కడిగితే కుళ్లిన గుడ్ల వంటి గంధకపు వాసన వస్తుంది. కడగక వదిలేసిన తుపాకులే జొనాథన్ దుకాణానికి వచ్చేవి. జాన్‌కు అక్షరాభ్యాసం ఆ చెత్తకుప్ప మీదనే జరిగింది. ఏ భాగం ఎందుకు చెడుతుందో, ఎక్కడ మురికి చేరుతుందో, ఏ మరమేకును విప్పబోయి రైతు పాడుచేసుకుంటాడో పదేళ్ల వయసుకే ఆయనకు తెలుసు.

ఆ పదేళ్ల వయసులోనే ఆయన పాత సామానులో నుండి ఒక విరిగిన గొట్టాన్ని ఏరి, చెక్కముక్కకు బిగించి తన మొదటి తుపాకీని తయారుచేసుకున్నాడనీ, తమ్ముడు మాట్ తోడురాగా దానితో పక్షులను కొట్టి ఇంటికి తెచ్చాడనీ ఆ కుటుంబం చెప్పుకొన్న కథ. తండ్రి ఆ వేటను సంతోషంగా భుజించి, ఆ తుపాకీ పనితనాన్ని మాత్రం మెచ్చుకోలేదట. ఇటువంటి కథలు గొప్పవారి బాల్యాలకు తరువాత అతుకుతారన్న సందేహం ఉంటుంది కాని, ఆ దుకాణం తీరు తెలిసినవారికి ఇది నమ్మదగినదే అనిపిస్తుంది.

1879 ఆయన జీవితంలో మలుపు. ఆ ఏడాది ఏప్రిల్‌లో రేచెల్ అనే యువతిని వివాహమాడాడు. జూన్‌లో తండ్రి మరణించాడు. అక్టోబరులో, ఒక్కొక్క తూటాను నింపి కాల్చే రైఫిల్‌కు ఆయన మొదటి పేటెంటు లభించింది. అన్నదమ్ములు కలిసి ఆగ్డెన్‌లో చిన్న కార్ఖానా పెట్టి ఆ రైఫిళ్లు చేసి అమ్మసాగారు. వాటిలో ఒకటి విన్‌చెస్టర్ కంపెనీ కంటపడింది. 1883లో ఆ సంస్థ అధికారి బెన్నెట్ స్వయంగా ఆగ్డెన్ వచ్చి 8,000 డాలర్లకు హక్కులు కొనుక్కొని వెళ్లాడు. అది మొదలు 1902 వరకు బ్రౌనింగ్ ఊహలను కొనడం, కొన్నిటిని తయారుచేయడం, మరికొన్నిటిని పోటీదారుల చేతికి చిక్కకుండా బీరువాలో దాచడం విన్‌చెస్టర్ వారి వ్యాపారం. నడుమ 1887 నుండి 1889 వరకు రెండేళ్లు ఆయన పనిముట్లు పక్కనపెట్టి తన మతశాఖ పక్షాన జార్జియా రాష్ట్రంలో ప్రచారకుడిగా తిరిగాడు.

తిరిగివచ్చిన తరువాత, 1889లో, తుపాకీ పేల్చినప్పుడు గొట్టం మూతి ముందున్న గడ్డిపోచలు వంగిపోవడం ఆయన చూశాడు. అందరూ చూసేదే. వృథాగా పోతున్న ఆ వాయువు చేతనే తుపాకీ తనంతట తాను తిరిగి నింపుకొనేలా చేయవచ్చునన్న ఆలోచన ఆయనకు కలిగింది. దాని నుండి మరతుపాకీ వచ్చింది. అదే దారిలో నడుస్తూ 1890లలో ఆయన చిన్న పిస్తోళ్ల వైపు మళ్లాడు. ఆయన గీతలు గీసుకొని పనిచేసేవాడు కాదు. ఊహించుకున్న భాగాన్ని తిన్నగా లోహంలో కోసి, రాకి, అమర్చి చూసుకొనేవాడు. తమ్ముడు ఎడ్ ఆ నమూనాలకు కుడిభుజం.

చిన్న పిస్తోలుకు ఆయన ఎన్నుకొన్న పద్ధతి అతి సరళమైనది. గొట్టం కదలదు. దానిని కప్పుకొని ఒక బరువైన ఉక్కు తొడుగు, అంటే స్లైడు, ముందుకూ వెనుకకూ జరుగుతుంది. తూటా పేలినప్పుడు గుండు ముందుకు పోతుండగా ఖాళీ గుల్ల వెనుకకు తంతుంది. ఆ తాపుకు స్లైడు వెనుకకు జరిగి, గుల్లను బయటికి విసిరి, స్ప్రింగు బలంతో ముందుకు వస్తూ మ్యాగజైన్ నుండి మరో తూటాను గొట్టం వెనుక గదిలోకి నెడుతుంది. గుండును నెట్టిన వాయువులో కొంత గుల్లతో పాటు వెనుకకు కూడా వస్తుంది. అందువల్ల మసి గొట్టంలో మాత్రమే కాక గుల్లను లాగే కొక్కెం కింద, స్లైడు జారే గాడులలో, మ్యాగజైన్ పెదవుల మీద కూడా చేరుతుంది. తనను తాను నింపుకొనే ఆయుధం తనను తాను మురికి చేసుకొనేది కూడా. రివాల్వరు నాలుగు రోజులు తుడవకపోయినా చక్రం తిరుగుతుంది. ఇటువంటి పిస్తోలు అలా ఓర్చుకోదు.

ఈ నమూనా మీద కోల్ట్ వారికి మొదట ఆసక్తి కలగలేదు. బెల్జియంలోని లీజ్ నగరం పక్కన హెర్స్టాల్‌లో, 1889లో నెలకొన్న ఎఫ్.ఎన్. అనే ఆయుధ సంస్థ ఉంది. తుపాకుల ఆర్డర్లు కొరవడి సైకిళ్ల తయారీ వైపు చూస్తున్న ఆ సంస్థ, ఆ పరిశ్రమను పరిశీలించి రమ్మని హార్ట్ బెర్గ్ అనే ఉద్యోగిని 1897లో అమెరికాకు పంపింది. సైకిళ్ల కోసం వెళ్లిన ఆయన పిస్తోలుతో తిరిగివచ్చాడు. అదే ఏడాది ఒప్పందం కుదిరింది. 1900 నమూనా అనే పేరుతో ఆ పిస్తోలు ఐరోపా అంతటా లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. దానికోసం బ్రౌనింగ్ రూపొందించిన తూటాయే .32 తూటా. మన దేశంలో లైసెన్సు పొందిన సామాన్య పౌరుడి పిస్తోలులో నేటికీ సాధారణంగా ఉండేది ఆ తూటాయే.

1900 నమూనాను తుడవాలంటే మాత్రం కొంత చిక్కు ఉంది. స్లైడు వెనుక భాగంలోని దిమ్మెను రెండు మరమేకులు పట్టి ఉంచుతాయి. స్క్రూడ్రైవరు లేనిదే అది విడదు. గొట్టం చట్రానికి శాశ్వతంగా బిగించి ఉంటుంది. దాన్ని వేరుచేయలేరు గనుక కడ్డీని మూతి వైపు నుండే దూర్చవలసి వస్తుంది. గొట్టంలో గుండు చివరిగా తాకేది మూతి అంచునే. పదే పదే కడ్డీ రాపిడి తగిలి ఆ అంచు అరిగితే గురి చెడుతుంది. మరమేకుల తలలు అరగడం, ఒకటి ఎక్కడో జారిపోవడం మరమ్మతు దుకాణంలో పెరిగినవాడికి చెప్పవలసిన సంగతులు కావు.

తరువాతి పిస్తోలులో ఆయన ఆ రెండు లోపాలనూ సరిదిద్దాడు. ఐరోపాలో ఆ విజయం చూశాక కోల్ట్ వారు 1903లో విడుదల చేసిన జేబు పిస్తోలు అది. భగత్ సింగ్, ఆజాద్‌ల పిస్తోళ్లు ఈ జాతివే. దానిలో స్లైడును కొంత దూరం వెనుకకు లాగి, మీద ఉన్న గుర్తు దగ్గర ఆపి, లోపలి గొట్టాన్ని చేతితోనే మెలితిప్పితే గొట్టం చట్రాన్ని వదిలి స్లైడును పట్టుకొంటుంది. అప్పుడు రెండూ కలిసి ముందుకు జారి ఊడివస్తాయి. స్లైడులో నుండి గొట్టాన్ని తీసి వెనుక వైపు నుండి కడ్డీ దూర్చి తుడవవచ్చు. మరమేకు లేదు, పనిముట్టు లేదు. చీకటిలో కూడా చేయగల పని. తుపాకులు బాగుచేసే దుకాణానికి వెళ్లే వీలులేని అజ్ఞాతవాసికి అది ఎటువంటి వెసులుబాటో ఊహించుకోవచ్చు.

తుడవడంలో ఆనాటి మరో చిక్కును ఇక్కడ చెప్పుకోవాలి. 1890ల నుండి పొగరాని మందు వాడుకలోకి రావడంతో మసి బెడద తగ్గిందని అందరూ సంబరపడ్డారు. కాని గొట్టాలు మునుపటి కంటే విచిత్రంగా తుప్పుపట్టసాగాయి. సాయంత్రం శుభ్రంగా తుడిచి నూనె రాసి పెట్టిన గొట్టం మూడోనాటికి ఎర్రబారేది. కారణం మందులో కాక తూటా అడుగున ఉండే చిన్న లోహపు టోపీలో ఉంది. మందును రగిలించే ఆ టోపీలోని పొటాషియం క్లోరేటు కాలిన తరువాత పొటాషియం క్లోరైడుగా మారి గొట్టమంతా పరచుకొంటుంది. అది వంట ఉప్పుకు దాయాది. ఉప్పు నూనెలో కరగదు. పైన ఎంత నూనె పూసినా అడుగున ఉప్పు తేమను పీల్చుకొంటూనే ఉంటుంది. 1920ల ఆరంభంలో అమెరికా ప్రభుత్వ గనుల శాఖ పరిశోధన ఈ గుట్టును విప్పింది. మందు వేడినీరే. ముందు నీటితో ఉప్పును కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా ఆర్చి, ఆ తరువాత పలుచగా నూనె రాయాలి. గంజాం తీరంలోనో యానాంలోనో ఉంటూ సముద్రపు గాలి ఇనుమును ఏం చేస్తుందో చూసిన పాఠకులకు దీని అవసరం విడమరచి చెప్పనక్కరలేదు. ఉప్పు మిగల్చని టోపీలు 1920ల చివరి సంవత్సరాలలో అమెరికాలో అమ్మకానికి వచ్చిన తరువాత ఈ బాధ క్రమంగా తీరింది.

నూనె విషయంలో మరో అపోహ ఉంది. ఎక్కువ రాస్తే ఎక్కువ మేలు అనుకొంటారు. స్లైడు గాడులలో ఒకటి రెండు చుక్కలు చాలు. మిగిలినది దుమ్మును పట్టుకొని బంకగా మారుతుంది, లేదా కారి తూటా టోపీలోకి చేరి మందును చెరుపుతుంది. తోలు ఒరలో ఏళ్ల తరబడి ఉంచడం కూడా మంచిది కాదు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సుదారులు తమ ఆయుధాలను పోలీసు స్టేషనులో అప్పగించడం మన ప్రాంతాలలో అందరూ ఎరిగినదే. అన్ని వారాలు ఒరతో సహా మూటలో ఉండి తిరిగివచ్చిన ఆయుధాన్ని అలాగే బీరువాలో పెట్టేవారు దానిని ఒకసారి విప్పి చూసుకోవడం అవసరం.

ఇక్కడే బ్రౌనింగ్ ఖాతాలోని అప్పు వైపు చూడవలసి వస్తుంది. విప్పడం తేలిక అయినప్పుడు విప్పేవారు పెరుగుతారు. వృత్తివాడు కాని మనిషి, తీరికవేళ, ఇంటిలో పిల్లలు తిరుగుతుండగా, బల్ల మీద పిస్తోలు పెట్టుకొని కూర్చుంటాడు. పాత రివాల్వరులో చక్రాన్ని పక్కకు తీస్తే తూటాల అడుగులు కంటికి కనిపిస్తాయి. బ్రౌనింగ్ పిస్తోలులో తూటా గది స్లైడు చాటున ఉంటుంది. 1903 నమూనాలో సుత్తి కూడా లోపలే దాగి ఉంటుంది గనుక అది ఎక్కుపెట్టి ఉన్నదో లేదో పైనుండి తెలియదు. జేబులో చిక్కుకోకుండా చేసిన ఏర్పాటే చూపుకు అడ్డమైంది.

ప్రమాదమంతా వరుసలో ఉంది. ముందు మ్యాగజైన్ తీసి, తరువాత స్లైడు లాగితే గదిలోని తూటా బయటికి వచ్చి పిస్తోలు ఖాళీ అవుతుంది. ఈ వరుస తారుమారైతే, అంటే ముందు స్లైడు లాగి తరువాత మ్యాగజైన్ తీస్తే, లాగినప్పుడు ఒక తూటా బయటపడుతుంది, అదే కదలికతో మరొకటి గదిలోకి చేరుతుంది. నేల మీద ఒక తూటా, చేతిలో మ్యాగజైన్. చూసేవాడికి పిస్తోలు ఖాళీ. నిజానికి నిండుగా ఉంది. సేవా ఆయుధాన్ని తుడుస్తుండగా పొరపాటున పేలి ఫలానా జవాను మరణించాడన్న రెండు వాక్యాల వార్తలు మన పత్రికలలో నేటికీ కనిపిస్తూనే ఉంటాయి. ఆ దుర్ఘటనలన్నిటికీ కారణం ఇదొక్కటే అనలేము గాని, ఈ రెండు పనుల వరుస నేర్పకుండా మనిషి చేతికి పిస్తోలు ఇవ్వడం నేరమే. మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి పట్టుకొని, గదిలోకి కంటితో చూసి, చీకటైతే చిటికెనవేలితో తడిమి, మూతిని మనిషి లేని దిక్కుకు తిప్పి, తూటాలను ఆ బల్ల మీద నుండి వేరేచోటికి చేర్చిన తరువాతనే గుడ్డముక్క చేత పట్టాలి.

ఈ లోపాన్ని తయారీదారులు గ్రహించకపోలేదు. ఎఫ్.ఎన్. సంస్థకు ఆయన రూపొందించిన 1910 నమూనాలో మూడు రక్షణలు ఉన్నాయి. చేతితో తిప్పే మీట ఒకటి, పిడిని గట్టిగా పట్టుకొంటే తప్ప పేలనివ్వని పట్టీ రెండవది, మ్యాగజైన్ తీసివేస్తే మీటను పనిచేయనివ్వని అడ్డు మూడవది. కోల్ట్ వారి 1903 జాతిలో ఈ మూడవ రక్షణ చాలా ఆలస్యంగా చేరింది. 1910 నమూనాలో స్ప్రింగు గొట్టం చుట్టూ ఉంటుంది. మూతి వద్ద ఉంగరాన్ని లోపలికి నొక్కి తిప్పితే విడుతుంది. నొక్కిపట్టకుండా తిప్పినవాడి ముఖం మీదికి అది గుండులా ఎగిరివస్తుంది.

1914 జనవరిలో ఎఫ్.ఎన్. వారు బ్రౌనింగ్ పిస్తోళ్ల సంఖ్య పదిలక్షలకు చేరిన సందర్భంగా ఘనంగా విందు చేశారు. బెల్జియం రాజు ఆల్బర్టు ఆయనకు గౌరవ బిరుదు ప్రసాదించాడు. ఆ సంవత్సరమే జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజునూ ఆయన భార్యనూ చంపిన గావ్రిలో ప్రిన్సిప్ చేతిలో ఉన్నది 1910 నమూనా పిస్తోలు. ఆగస్టులో జర్మనీ సైన్యాలు లీజ్ నగరాన్ని ఆక్రమించాయి. విందు జరిగిన ఊరే యుద్ధానికి తొలి ఆహుతులలో ఒకటైంది. సరయేవో పిస్తోలు నేడు వియన్నా సైనిక చరిత్ర మ్యూజియంలో ఉంది. ఈ సంఘటన బ్రౌనింగ్ మనసులో ఏ కల్లోలం రేపిందో ఊహించి వ్రాయడం నాకు సమ్మతం కాదు. ఆయన మితభాషి. తన పనిలోని నైతికతను గురించి ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి కాదు.

ఈలోగా ఆయన పాత వ్యాపార బంధం ఒకటి తెగింది. తానే నింపుకొనే వేటతుపాకీకి తయారైన ప్రతి తుపాకీ మీదా వాటా కావాలని అడిగినప్పుడు విన్‌చెస్టర్ వారు ఒప్పుకోలేదు. 1902 జనవరి 8న రెమింగ్టన్ కంపెనీ అధిపతి హార్ట్‌లీని కలవడానికి వెళ్లి బయట గదిలో వేచి ఉండగా, లోపల హార్ట్‌లీ గుండె ఆగి మరణించాడన్న కబురు వచ్చింది. బ్రౌనింగ్ ఆ నమూనాను తీసుకొని ఓడ ఎక్కి బెల్జియం వెళ్లాడు. అది మొదలు ఆయన జీవితంలో రెండవ ఊరు హెర్స్టాల్.

పెద్ద పిస్తోలు కథ 1911 నాటిది. అమెరికా సైన్యం ఆ ఏడాది మార్చిలో కోల్ట్, సావేజ్ కంపెనీల పిస్తోళ్లకు తుది పరీక్ష పెట్టింది. ఆ పరీక్ష పద్ధతి మన విషయానికి దగ్గరిది. నూరేసి తూటాలు కాల్చి అయిదు నిమిషాలు చల్లార్చడం, వెయ్యి తూటాలకు ఒకసారి తుడిచి నూనె వేయడం, ఇలా 6,000 తూటాలు. బ్రౌనింగ్ రూపొందించిన పిస్తోలు ఒక్కసారి కూడా మొరాయించలేదు. పోటీ పిస్తోలు 37 సార్లు ఆగింది. అటుపై తుప్పుపట్టించి, ఇసుకలోనూ బురదలోనూ ముంచి తీసి మరీ కాల్చి చూశారు. మార్చి 29న సైన్యం దానిని స్వీకరించింది. ఆ పిస్తోలును చిట్టచివరి భాగం వరకు విప్పడానికి వేరే పనిముట్టు అవసరం లేదు. ముందుగా ఊడివచ్చిన భాగాలే తరువాతి వాటిని ఊడదీసే పనిముట్లుగా ఉపయోగపడతాయి. అంగడిలో నాగలి కర్రు బాగుచేయించుకోవడానికి మైళ్ల దూరం వచ్చిన రైతుల ఊరిలో పెరిగినవాడికే తట్టే ఊహ ఇది.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగినప్పుడు ఆయన మరతుపాకీ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో 20,000 తూటాలు ఆగకుండా కాల్చింది. నమ్మలేని వారి కోసం మరొకటి 48 నిమిషాలకు పైగా నిరంతరంగా కాల్చి చూపారు. హక్కులకు ప్రభుత్వం ఇవ్వజూపిన ఏడున్నర లక్షల డాలర్లు వాటా పద్ధతిలో రాగలదానికంటే ఎంతో తక్కువ. ఆయన బేరమాడక అంగీకరించాడు. కొడుకు వాల్ సైనికాధికారిగా ఫ్రాన్సు వెళ్లి ఆ ఆయుధాల వాడకం నేర్పాడు.

వయసు మీరినా ఆయన పని మానలేదు. 1923లో జీవితమంతా లెక్కలూ వ్యాపారమూ చూసుకొన్న తమ్ముడు మాట్ మరణించాడు. ఆ ఏడాదే ఆయన ఒక కొత్త పిస్తోలుకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఎక్కువ తూటాలు పట్టే 9 మిల్లీమీటర్ల సైనిక పిస్తోలు కావాలని ఫ్రాన్సు సైన్యం కోరగా ఎఫ్.ఎన్. సంస్థ అప్పగించిన పని అది. ఆ నమూనా ఇంకా చేతిలో ఉండగానే, 1926 నవంబరు 26న, హెర్స్టాల్ కార్ఖానాలో కొడుకు వాల్ పనిచేసే చోటనే గుండె ఆగి ఆయన కన్నుమూశాడు. వయసు 71. దేహాన్ని సముద్రం దాటించి ఆగ్డెన్‌కు చేర్చి అక్కడ ఖననం చేశారు. పేటెంటు మరుసటి ఫిబ్రవరిలో వచ్చింది.

పిస్తోలును ఎఫ్.ఎన్. లోని ఆయన సహచరుడు డ్యూడొనె సేవ్ పూర్తిచేశాడు. 13 తూటాలు రెండు వరుసలుగా పట్టే మ్యాగజైన్ ఊహ సేవ్‌దే. 1935లో అది హై పవర్ అనే పేరుతో వెలువడింది. బెంగాలులోని ఈశాపూరు రైఫిల్ ఫ్యాక్టరీలో తయారై, మన సైన్యమూ పోలీసు దళాలూ దశాబ్దాలుగా నడుముకు కట్టుకొన్న 9 మిల్లీమీటర్ల పిస్తోలు దాని రూపమే. దానిలో మూతి వద్ద తిప్పవలసిన ఉంగరం లేదు. మ్యాగజైన్ తీసి, స్లైడును వెనుకకు లాగి, గదిని చూసి, రక్షణ మీటను స్లైడులోని గాడికి తగిలిస్తే స్లైడు అక్కడే నిలుస్తుంది. పక్కనున్న పిన్నును కుడివైపు నుండి నెట్టి ఎడమవైపుకు లాగివేస్తే స్లైడు ముందుకు జారి వస్తుంది. స్ప్రింగు, గొట్టం, స్లైడు, చట్రం, మ్యాగజైన్. బల్ల మీద పరచిన పాత తువ్వాలు మీద అయిదు ముక్కలు.